డాక్టరమ్మ చెయ్యి పెట్టని రాచిప్ప

పోయిన వారం మా చెల్లెలి కొడుకు మంజు మాలూరు నుంచి వచ్చి, నా మెస్‌లో రెండు రాగిముద్దలు మింగి, చెయ్యి కడుక్కుని, మూతి తుడుచుకుంటూ "పెద్దమ్మా, తాత రాచిప్ప ఒక దినం ఇస్తావా?" అన్నాడు. బంగారు గనుల్లో పుట్టి పెరిగినదాన్ని. ఎవరైనా వచ్చి బంగారం అడిగితే నవ్వి పంపించేస్తాను, లేనిదానికి భయమేముంది. రాయి అడిగితే మాత్రం ఆలోచించాల్సిందే. ఆ రాచిప్ప మెత్తటి రాతిని తొలిచి చేసిన గిన్నె. వాడి వాడి నల్లబడింది. అందులో కాచిన ఉలవచారు పొయ్యి మీద నుంచి దించిన తర్వాత కూడా చాలాసేపు తుకతుకమంటూనే ఉంటుంది, పోట్లాట అయిపోయినా గొణుగుతూ ఉండే మా చెల్లెలి మాదిరిగా.

"ఏంటికిరా?" అన్నాను.

"మా పక్క ఇటుక బట్టీలో గోడ కూలి ఒకాయన పోయినాడు పెద్దమ్మా. ఓనరు చేతులు కట్టుకుని నిలబడతానంటా ఉండాడు, రాజీ చేసుకుందామని. ఆయన పెండ్లాం కుదరదంటా ఉండాది. మరిది సరే అనేసినాడు. ఇంగ మరిదినే కూర్చోబెట్టి ముగించేస్తాము. రాజీ తాత చిప్ప నడిమధ్యలో పెడితే ఆయమ్మ కూడా నోరెత్తదు."

"ఆదివారం రా, చెప్తాను" అన్నాను. వాడు ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడు. నేను అటక మీది చిప్పను దించి, చింతపండు పెట్టి తోముతూ కూర్చున్నాను. తోముతుంటే గని కూలీల ఇళ్ళ వరుసలైన కోరమండల్ లైన్లు, డాక్టరమ్మ బంగళా, జడ వేసిన రొట్టె, సాంబారు వాసనకు తుమ్మే జర్మనీ పిల్లవాడు, అన్నీ చిప్పలో నుంచి ఒకటొకటిగా లేచి వచ్చాయి.

మా తాతను కోరమండల్‌లో అందరూ రాజీ తాత అనేవాళ్ళు. అసలు పేరు ఒకటి ఉండేది గానీ దాన్ని రేషన్ కార్డు తప్ప ఎవరూ వాడలేదు. కామసముద్రం అవతల ఆంధ్రా పల్లె నుంచి గనికి వచ్చి, భూమి లోపల కొన్నేళ్ళు రాళ్ళు కొట్టి, ఊపిరి బరువెక్కిన తర్వాత గనిలోకి దిగే బావి, షాఫ్టు నోటి దగ్గర గంట కొట్టే పనికి మారాడు. ఆయన గంట కొడితేనే మనుషులున్న పంజరం కిందికి దిగాలి, పైకి రావాలి. రోజంతా జనాన్ని దించి ఎక్కించే మనిషి కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోయేది కాదు. ఎగిరినవాణ్ణి దించేవాడు, కుంగినవాణ్ణి ఎక్కించేవాడు. మా లైన్లలో ఇంటికీ ఇంటికీ మధ్య వెదురుతడకే గోడ. ఈ ఇంట్లో తుమ్మితే ఆ ఇంట్లో "నూరేళ్ళు" అనేవాళ్ళు. అలాంటి చోట కొళాయి దగ్గర బిందె జరిపారని, కోడి తమ వాకిట్లో గుడ్డు పెట్టి పక్కింట్లో కూసిందని, రోజుకొక యుద్ధం. పోట్లాడినవాళ్ళిద్దరినీ తాత తన వాకిట్లో ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. మధ్యలో రాచిప్ప నిండా సారు, అంటే ఉలవచారే. ఒకే ముద్దను చేత్తో రెండు చేసి, చెరో సగం ఇచ్చి, ఇద్దరినీ అదే చిప్పలో అద్దుకుని మింగమనేవాడు. మింగాక ఆ గొడవ ఎత్తకూడదు. ఎత్తినవాడికి మా వాకిట్లో చోటు లేదు. "నోట్లో ముద్ద ఉంటే తిట్టు బయటికి రాదు కదప్పా, అంతే నా మందు" అనేవాడు. తన చిప్ప ముందు కూర్చున్నవాళ్ళెవరూ రాజీ కాకుండా లేవలేదని ఆయన గర్వం. ఆ గర్వం ముందు మైను దొర టోపీ కూడా చిన్నదే.

ఆ ముద్దలు గెలికేది నేను. ఏడో తరగతిలో నేనూ లెక్కల అయ్యవారూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం, మా ఇద్దరికీ మాత్రం తాత కూడా రాజీ చేయలేదు. అప్పటినుంచి పొద్దున మా అమ్మతో డాక్టరమ్మ బంగళాకు, సాయంత్రం తాత పొయ్యి దగ్గరికి. అమ్మ బంగళాలో వంట చేసేది. డాక్టరమ్మ పేరు హన్నా. యూదులావిడ. జర్మనీలో యూదులను ఇంటింటికీ వెతికి పట్టుకుపోయే కాలం వస్తోందని ముందుగానే పసిగట్టి, మొగుడితో ఓడెక్కి, చివరికి మా గని ఆసుపత్రిలో కాన్పుల డాక్టరుగా తేలింది. కోరమండల్‌లో సగం మంది ఆవిడ చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. నన్ను తలకిందులుగా పట్టుకుని వీపు మీద ఒకటి అంటించిన మొదటి మనిషి ఆవిడే. అప్పుడు తెరిచిన నోరు ఇంకా మూతపడలేదు. ఆవిడ తెలుగు నేర్చుకున్నదంతా నొప్పులు పడే ఆడవాళ్ళ దగ్గర. అందుకే ఆ తెలుగులో మర్యాదలు తక్కువ, తిట్లు ఎక్కువ, మొగుళ్ళ మీద ఫిర్యాదులు మరీ ఎక్కువ.

ఆ బంగళాలో వాసనలే వేరు. ముందు గదిలో ఆసుపత్రి మందునీళ్ళ వాసన, లోపలికి పోతే చికోరీ కలపని కాఫీ, ఇంకా లోపలికి పోతే పాత పుస్తకాలూ వాటి మధ్య ఎలుకలకు పెట్టిన కర్పూరం. యూదుల వారపు విశ్రాంతి దినం మొదలయ్యే శుక్రవారం మాత్రం అన్నిటినీ అణిచేసి రొట్టె వాసన లేచేది. మైదా పిండిని మూడు పాయలుగా సాగదీసి జడ అల్లినట్టు అల్లి కాల్చేవాళ్ళు. ఆ అల్లిక నా పని. "మా ఇంట్లో నాకు జడ వేసే తీరిక ఎవరికీ లేదు గానీ నేను మాత్రం రొట్టెకు జడ వేస్తా ఉండాను, పూలు కూడా పెట్టేదా అమ్మా?" అంటే డాక్టరమ్మ నవ్వి, "పెట్టు, నీ తలకాయ కంటే అదే చక్కగుండాది" అనేది. సాయంత్రం గని కూత మోగే వేళకు రెండు కొవ్వొత్తులు వెలిగించి, అరచేతులతో కళ్ళు మూసుకుని నిలబడేది. కిటికీ అవతల బంగారం తీసేసిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బల మీద నుంచి గాలి లేస్తే ఆ మంటలు వంగేవి. నేను మెల్లగా లేచి కిటికీ రెక్క మూసేదాన్ని.

మొగుడి పేరు లియో. లియో దొర గని ప్రయోగశాలలో రాళ్ళలో బంగారం ఎంత ఉందో తేల్చేవాడు. మెత్తటి మనిషి, కాఫీ గ్లాసును కూడా బతిమాలినట్టు పట్టుకునేవాడు. ఆ ఇంట్లో గొడవంటూ ఉంటే అది రేడియో వల్లే. భోజనాల బల్ల పక్కన చెవులు మెలేస్తే గరగరమనే పెద్ద రేడియో ఒకటి, అందులో దేశదేశాల వార్తలు. యూదులకు ఇజ్రాయెల్ అని కొత్త దేశం వచ్చింది కదా, ఆ దేశం జర్మనీతో స్నేహం కలుపుకుంటోందని, వీళ్ళ రాయబారి వాళ్ళ దగ్గరికి, వాళ్ళ రాయబారి వీళ్ళ దగ్గరికి అని వార్త. అది విన్న రోజు లియో దొర సరే అన్నట్టు తల ఊపాడు. డాక్టరమ్మ గరిటె విసిరింది. ఇద్దరూ తమ జర్మను భాషలో మొదలుపెట్టారంటే సారు చల్లారిపోవాల్సిందే.

మా అమ్మ ఊరుకోలేక అడిగేసింది. "ఏమమ్మా, ఆయనేమంటాడు, నువ్వేమంటావు?"

"ఆయన ఏమంటాడంటే, చచ్చినోళ్ళు రారు, బతికినోళ్ళకు ఇండ్లు కావాల, మిషన్లు కావాల, కొత్త దేశం ఒంటిగా నిలబడలేదు అంటాడు. ఆ మా కొత్త దేశం పెద్దోళ్ళూ అదే అంటా ఉండారు. ఇంతకు ముందు ఒకసారి జర్మనీవాళ్ళ దగ్గర నష్టానికి బదులు పుచ్చుకుందామని కాగితం మీద చేవ్రాలు పెట్టేటప్పుడు జనం వీధిలోకి వచ్చినారు. సొంత పార్లమెంటు మీదనే రాళ్ళు ఏసినారు. అందులో ఆడికి పోయి నిలిచిన మా తమ్ముడు ఉండాడు. ఇప్పుడు కూడా ఎదురు పార్టీలో నిలబడి వద్దంటా ఉండాడు. నేను ఆ పక్క."

"రాళ్ళు ఏసేది మంచిదా అమ్మా?" అన్నాను నేను.

"మంచిది కాదు. నేను ఆడ ఉంటే ఏసుందును" అంది.

లియో దొరకు తెలుగు అంతగా రాదు గానీ భార్య ముఖం చదవడం వచ్చు. నా వైపు తిరిగి, "ఈమె చేతికి రాయి ఇవ్వొద్దు" అన్నాడు, వచ్చిన నాలుగు మాటల్లో. ఆయన మాటలోనూ న్యాయం ఉందని నాకు అప్పుడే అనిపించింది. వాళ్ళవాళ్ళు ఓడలు దిగిన కొత్తలో గుడారాల్లో ఉన్నారట, పిల్లలు వానలో తడిశారట. ఇద్దరి మాటలకూ నేను తల ఊపేదాన్ని. తల ఊపేవాళ్ళకే రొట్టె చివరి ముక్క వస్తుందని నాకు తెలుసు.

అలాంటి రోజుల్లో గనికి కొత్త వైండింగు మిషను వచ్చింది, పంజరాన్ని పైకీ కిందికీ లాగేది. దాన్ని బిగించడానికి జర్మనీ నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. పేరు ఎరిక్. మొక్కజొన్న పీచు రంగు జుట్టు, ఎండకు టమాటా మాదిరి ముఖం. గంట కొట్టే మా తాత పక్కనే ఆ మిషను కాబట్టి ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆయనకు వచ్చిన గని ఇంగ్లీషూ ఇతనికి వచ్చిన ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోయేది. ఒకరోజు ఇనుప తాడు తగిలి ఎరిక్ చెయ్యి చీరుకుపోయింది. ఆసుపత్రిలో ఆ వేళకు ఉన్నది డాక్టరమ్మ ఒక్కతే. నేను అమ్మ పంపిన క్యారియర్ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

ఆ పిల్లవాడు ఆవిడ ముఖం చూసి, పేరు విని, సంతోషంగా జర్మను భాషలో ఏదో అన్నాడు. డాక్టరమ్మ తల ఎత్తలేదు. "యాడ నొస్తా ఉండాది?" అంది తెలుగులో. అతను మళ్ళీ అదే భాషలో అన్నాడు. "వేళ్ళు ఆడిచ్చు" అంది తెలుగులోనే. కాంపౌండరు పాపం ఆ తెలుగును ఇంగ్లీషులోకి, ఇతని ఇంగ్లీషును తెలుగులోకి మోస్తూ చెమటలు కక్కాడు. కుట్లన్నీ అందంగా వేసింది, నా రొట్టె జడ కంటే సన్నగా. కట్టు కట్టింది. ఒక్క మాట కూడా తమ భాషలో అనలేదు. బంగళాకు వచ్చే దారిలో నేను ఆగలేక, "ఇంట్లో దొరను ఆ బాసలోనే తిడతావు కదమ్మా, ఆ పిలగానికి ఒక మాట చెప్తే ఏం పోతాది?" అన్నాను.

"అది మా అమ్మ బాస. వాళ్ళు మా అమ్మను తీసుకపోయినారు, అక్కలను తీసుకపోయినారు, వాళ్ళ పిల్లోళ్ళను తీసుకపోయినారు. ఎవరూ తిరిగి రాలేదు. మిగిలింది బాస ఒకటే. దాన్ని కూడా వాళ్ళకెందుకు ఇస్తాను?" అంది. నడక మాత్రం ఆపలేదు.

ఎరిక్ ఊరుకోలేదు. కట్టు ఉన్న చెయ్యి గుండెకు ఆనించుకుని మా తాత దగ్గరికి వచ్చాడు. తాత వాకిట్లో ఇద్దరు మేస్త్రీలు ఒకే చిప్పలో అద్దుకుని మింగడం, మర్నాడు ఒకే బీడీ పంచుకోవడం అతను కళ్ళారా చూశాడు. "డాక్టర్ నో టాక్. మై పీపుల్ బ్యాడ్. ఐ స్మాల్ బాయ్ దట్ టైమ్" అని చేతులతో తన ఎత్తు మోకాలి దగ్గర చూపించాడు. తనకూ ఆవిడకూ ఆ ముద్ద పెట్టించమని అడిగాడు.

మా తాతకు ఇంతకంటే ఏం కావాలి? మీసం తడుముకున్నాడు. "పిలగాడు మంచోడు. డాక్టరమ్మ నా మనవరాళ్ళను పుట్టిచ్చిన చెయ్యి. నేను పిలిస్తే రానంటాదా? ఆదివారం మధ్యాన్నం పెట్టేస్తాము" అన్నాడు.

"తాతా, ఇది కొళాయి తగువు కాదు. రెండు దేశాలది. ఆడ పార్లమెంటులోనే కుదరలేదంట" అన్నాను.

"పార్లమెంటులో ముద్ద పెట్టినారా?" అన్నాడు.

ఆదివారం నేను ఉలవలు ఉడికించి సారు కాచాను. ముద్ద గెలికాను. ఎరిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, చాప మీద కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మూడు రకాలుగా మడిచి చూశాడు. డాక్టరమ్మకు విషయం చెప్పలేదు, తాత భోజనానికి పిలిచాడంటే వచ్చింది. గడప దగ్గర చెప్పులు విడుస్తూ తల ఎత్తింది. చిప్పను చూసింది. చిప్ప అవతల ఎరిక్‌ను చూసింది. ఆ చిప్ప సంగతి కోరమండల్‌లో తెలియనివాళ్ళు లేరు. పక్కింటి తడక అవతల గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

"రామ్మా, కూర్చో" అన్నాడు తాత. "చెయ్యి పెట్టు చాలు. పిలగాడు అప్పటికి మోకాలెత్తు కూడా లేడు. ఇతని తప్పేముండాది?"

డాక్టరమ్మ కూర్చుంది. కోప్పడలేదు. అదే మాకు భయం వేసింది. "పెద్దాయనా, మీ లైనులో చిన్నప్ప అనేటోడు గని లోపల రాళ్ళు పడి పోయినాడే, పైన మేస్త్రీ చూడకుండా మందు పేల్చిచ్చినాడని. ఆ మేస్త్రీకి రాజీ పెట్టినావు కదా? ఎవరితో పెట్టినావు?"

"చిన్నప్ప పెండ్లాంతో."

"వాళ్ళన్న ముందే సరే అన్నాడు కదా. అన్నతో ఎందుకు పెట్టలేదు?"

"అన్న మనసు కుదిరితే అయిపోతాదా అమ్మా? పోయింది ఆయమ్మ మనిషి. ఆయమ్మ వస్తానన్న దాకా చిప్ప దించనే లేదు, కాసుకుంటిమి."

"నేను కూడా అన్న మాదిరే" అంది డాక్టరమ్మ. "బతికిపోయిందాన్ని. నన్ను ఎవరూ కొట్టలేదు, తీసుకపోలేదు. పోయినోళ్ళు మా అమ్మ, అక్కలు, పిల్లోళ్ళు. నా తరపున చెయ్యి పెట్టమని వాళ్ళు నాకు చెప్పి పోలేదు. వాళ్ళను అడగడానికి యాడికి పోయేది? ఆడ మా దేశం పెద్దోళ్ళు వాళ్ళను అడక్కుండానే కూర్చుని రాజీ అయిపోయినారు. అది కూడదని వీధిలో నిలబడినోళ్ళ పక్క నేను. ఇప్పుడు నువ్వు నన్ను ఈడ కూర్చోబెడితే నువ్వు కూడా ఇంగొక గవర్నమెంటే."

ఎరిక్‌కు మాటలు తెలియలేదు గానీ చిప్ప వైపు చాచిన చెయ్యి తానే వెనక్కి తీసుకున్నాడు. తాత షాఫ్టు దగ్గర గంట తాడు పట్టుకుని, కింద నుంచి సైగ రాకపోతే ఎలా నిలబడతాడో అలా కూర్చున్నాడు. సైగ రాకుండా పంజరం కదిలించడం ఆయన వృత్తిలోనే లేదు. తర్వాత లేచి, చిప్పను మధ్యలో నుంచి ఎత్తి పొయ్యి పక్కన పెట్టాడు.

"రాజీ లేదు" అన్నాడు. "సంకటి ఉండాది. ఎవురి తట్ట వాళ్ళది. తినండి."

డాక్టరమ్మ తన కంచం తీసుకుని లోపల నా పక్కన పొయ్యి దగ్గర కూర్చుంది. ఎరిక్ బయట తాతతో. మధ్యలో తడక. ముద్ద నమలకూడదు, సారులో అద్ది మింగాలి. ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు. పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని దవడలు ఆడిస్తున్నాడు, అది అంటుకుపోయి కళ్ళు పైకి తిరుగుతున్నాయి. తడక సందులో నుంచి డాక్టరమ్మ చూసింది. "పో, నమలొద్దని చెప్పు. మింగమను. చస్తాడు" అంది నాతో. నేను వెళ్ళి, కొంగ చేపను మింగినట్టు మెడ సాచి చూపించాను. అతను మింగాడు. నీళ్ళు తాగాడు. తడక వైపు చూసి తల వంచాడు. లోపల డాక్టరమ్మ ఇంకో గరిటె సారు పోసుకుంది, "ఉప్పు తక్కువ" అంది, నా వంటకు వంక పెడుతూ.

మిషను పని అయిపోయి వెళ్ళే ముందు ఎరిక్ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. డాక్టరమ్మ వచ్చి ఆగింది. "చెయ్యి మానిందా?" అంది తెలుగులో. "మానిందమ్మా" అన్నాడు, అతనూ తెలుగులోనే. ఎవరు నేర్పారో చెప్పనక్కర్లేదు, వారమంతా నా ప్రాణం తీశాడు ఆ ఒక్క మాట కోసం. డాక్టరమ్మ కట్టు విప్పిన చోటు తిప్పి చూసి, తల ఊపి, లోపలికి వెళ్ళిపోయింది. అంతకంటే ఏమీ జరగలేదు. జరిగిందని చెప్తే కథ బాగుంటుంది, కానీ జరగలేదు.

లియో దొరా ఆవిడా మాత్రం చివరిదాకా ఆ రేడియో ముందు పోట్లాడుతూనే ఉన్నారు, ఒకే బల్ల మీద, ఒకే రొట్టె విరుచుకుంటూ. వాళ్ళకు తాత అవసరం ఎప్పుడూ రాలేదు. తాత అలవాటు మాత్రం ఆ ఆదివారంతో మారిపోయింది. అప్పటినుంచి చిప్ప దించే ముందు ఒక మాట అడిగేవాడు: "ఈడ లేనోళ్ళు ఎవురైనా ఉండారా?" ఉన్నారంటే ఆగేవాడు. "చిప్ప ఎన్నిసార్లు వెనక్కి పోయిందబ్బా" అని వెక్కిరించినవాళ్ళున్నారు. "గంట ఊరికే కొట్టేదానికి కాదప్పా" అనేవాడు.

ఇప్పుడు లైన్లలో తడకలు ఊడిపోయాయి, షాఫ్టు మూసేశారు, తాత గంట ఏ ఇనుపకొట్టుకు పోయిందో తెలియదు. మనుషులు పొద్దున తిట్టుకుని, మధ్యాహ్నానికి ఫోనులో రెండు చేతులు జోడించిన బొమ్మ పంపి, సాయంత్రానికి మర్చిపోతున్నారు. సుఖమే. మా కాలంలో ఒక తగువు తీరాలంటే ఉలవలు నానబెట్టాలి, రాగులు విసరాలి, రెండు కుటుంబాలు స్నానాలు చేసి రావాలి. నాకు మాత్రం ఆ శ్రమలోనే ఏదో మర్యాద ఉండేదనిపిస్తుంది. క్షమించమని అడిగేవాడికి కాస్త మోకాళ్ళు నొప్పి పుట్టాలి కదా.

ఆదివారం మంజు గోనెసంచి తెచ్చుకుని మరీ వచ్చాడు, చిప్ప మోసుకుపోవడానికి. చిప్ప పొయ్యి మీద ఉంది, నిండా ఉలవచారు.

"ఏంది పెద్దమ్మా, ఖాళీ చెయ్యలేదా?"

"చెయ్యను. ఆయమ్మను పిలుచుకురా. మరిదిని కాదు, ఓనరును కాదు. ఒంటిగా. ఊరికే తినేదానికి."

"తిని, వద్దంటే?"

"వద్దంటాది. అందుకేరా పిలుస్తా ఉండాను."

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు గానీ, పెద్దమ్మ చెప్పిన మాట కాబట్టి మర్నాడు ఆమెను తెచ్చి వదిలాడు. చిన్న వయసు మనిషి, చీర కొంగు భుజం మీద గట్టిగా చుట్టుకుని, పోట్లాటకు సిద్ధంగా వచ్చింది. నా మెస్ బల్ల ముందు కూర్చుని చిప్పను చూడగానే చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను చిప్పలో నుంచి సారు తీసి ఆమె ఒక్కదాని తట్టలో పోశాను. ముద్ద పెట్టాను. ఆమె తిన్నది. మింగేటప్పుడు కళ్ళు తుడుచుకుంది, కారానికి అనుకున్నాను, అనుకోవడమే మంచిది.

"రాజీకి ఒప్పుకుంటావా అమ్మా?" అని అడిగాను.

"ఒప్పుకోను" అంది.

"సరే. ఇంగొక ముద్ద పెట్టేదా?"

ఆమె తట్ట ముందుకు జరిపింది. "పెట్టు" అంది.